స్టీరింగు చేతికి లొంగాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంప్యూటరులో లారీ తోలే ఆటల మీద ప్రశ్నలు పంపమని కిందటి నెల ఈ శీర్షికలో కోరాము. కొత్త పటాల గురించో కొత్త లారీల గురించో అడుగుతారని అనుకున్నాము గానీ, వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం స్టీరింగు చుట్టూనే తిరిగాయి. వాటిలో కొన్నింటిని ఎంచి జవాబులతో ఇస్తున్నాము. పాఠకుల పేర్లు వేయలేదు, ఊరు మాత్రమే ఇచ్చాము.

తణుకు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: యూరో ట్రక్ సిమ్యులేటర్ 2ను లాప్‌టాప్‌లో కీబోర్డుతో ఆడుతున్నాను. ఊళ్లలోనూ యార్డులలోనూ ఇబ్బంది లేదు. హైవే ఎక్కి వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటిందంటే మాత్రం, ఎడమ మీట ఒక్కసారి తాకగానే బండి పక్క లేనులోకి పోతుంది. సరిచేయబోతే అటు పోతుంది. మూడో ఊపుకు ట్రైలర్ బోల్తా కొడుతుంది. తప్పు నాదా, ఆటదా?

జవాబు: తప్పులో పెద్ద వాటా కీబోర్డుదే. మీటకు నొక్కడం, వదలడం తప్ప మూడో స్థితి తెలియదు. మీరు మీటను నొక్కి ఉంచినంతసేపూ ఆట ముందు చక్రాలను ఒక వేగంతో తిప్పుకుంటూ పోతుంది, వదిలితే మళ్లీ మధ్యకు తెస్తుంది. అంటే మీ చేతిలో ఉన్నది చక్రాల కోణం కాదు, మీట మీద వేలు నిలిచిన కాలం మాత్రమే. యార్డులో ఆ తేడా తెలియదు, ఎందుకంటే అక్కడ చక్రాలను ఎలాగూ చివరిదాకా తిప్పాలి.

హైవే మీద ఎంత కోణం కావాలో ఒకసారి లెక్క వేసి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. ఎత్తుగా, నిండుగా సరుకు వేసిన ట్రైలర్, పక్కకు తోసే బలం దాని బరువులో సుమారు మూడో వంతుకు చేరితే బోల్తాకు దగ్గర పడుతుంది. ఆ వేగంలో అంత బలం పుట్టడానికి 150 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు చాలు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య 3.7 మీటర్లు ఉన్న లారీ ఆ మలుపు తిరగాలంటే ముందు చక్రాలు ఒకటిన్నర డిగ్రీకి కాస్త తక్కువగా తిరిగితే సరిపోతుంది. ముందు చక్రాలు మొత్తం మీద ఒక వైపుకు 45 డిగ్రీల దాకా తిరుగుతాయనుకుంటే, ఇది అందులో ముప్పయ్యో వంతు. మీట నొక్కితే చివరిదాకా తిరగడానికి ఒక సెకను పడుతుందనుకున్నా, ప్రమాదపు కోణానికి చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు చాలు. అంత కొద్ది సమయంలో నొక్కి వదలడం ఏ వేలికీ సాధ్యం కాదు.

కాబట్టి చేయవలసిన మొదటి పని, సెట్టింగులలో స్టీరింగ్ సెన్సిటివిటీని, అంటే మీట నొక్కితే చక్రాలు తిరిగే చురుకును, బాగా తగ్గించడం. యార్డులలో బండి మొద్దుగా తిరుగుతోందని మొదటి రోజు విసుగు వస్తుంది, ఓర్చుకోండి. తరువాత స్టీరింగ్ నాన్‌లినియారిటీ అనే మాటున్న చోట విలువను పెంచండి. పేరు భయపెడుతుంది గానీ, అది చేసే పని తేలికే: మధ్య భాగంలో చక్రాలు నిదానంగా, చివరల వైపు త్వరగా తిరిగేలా చేస్తుంది. ఉదాహరణకు మీ కదలికను వర్గం చేసి చక్రాలకు అందించే అమరిక అయితే, మీరు సగం దాకా తిప్పినప్పుడు చక్రాలు పావు వంతే తిరుగుతాయి, పదో వంతు తిప్పితే నూరో వంతే తిరుగుతాయి. హైవే మీద మీకు కావలసింది సరిగ్గా ఆ నూరో వంతు లాంటి కదలికలే.

ట్రైలర్ స్టెబిలిటీ అనే జారుడు మీట కూడా ఉంది. దాన్ని పెంచితే ట్రైలర్ తొందరగా పడిపోదు. దాన్ని వాడడానికి సిగ్గుపడవలసిన పని లేదు, కానీ పైన చెప్పిన రెండూ సరిచేశాకే దాని జోలికి వెళ్లండి. ముందే పెంచితే స్టీరింగు జబ్బు అలాగే ఉండి, లక్షణం మాత్రమే కనబడకుండా పోతుంది. యూరప్‌లో భారీ లారీలకు 90 దగ్గర వేగ నియంత్రకం తప్పనిసరి. ఆటలోనూ ఆ ఐచ్ఛికం ఉంది, దాన్ని తీసివేసి ఉంటే తిరిగి పెట్టుకోండి. పక్కకు తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 80 నుంచి 90కి వెళ్లినంత మాత్రానే అది పావు వంతుకు పైగా హెచ్చుతుంది, 110 దగ్గర దాదాపు రెట్టింపవుతుంది.

ఇంత చేసినా మీకు ఊరట కలగకపోతే కీబోర్డును గేర్లకూ లైట్లకూ వదిలేసి, మౌసుతో స్టీరింగు తిప్పే పద్ధతికి మారండి. మౌసు ఎక్కడ ఉంటే చక్రాల కోణం అక్కడ ఉంటుంది. మీటకు లేని గుణం అదే. దానంతట అది మధ్యకు రాదు కాబట్టి మొదటి గంట తికమకగానే గడుస్తుంది. నా మట్టుకు నేను, డబ్బు పెట్టి ఏదీ కొనకముందు ప్రతి ఒక్కరూ వారం రోజులు మౌసుతో తోలి చూడాలంటాను.

కరీంనగర్ నుంచి ఒక ఉద్యోగి: కంప్యూటరుకు తగిలించే స్టీరింగు వీల్, 270 డిగ్రీలు తిరిగేది, తక్కువ ధరలో దొరుకుతోంది. 900 డిగ్రీలది కొనాలంటే దానికి చాలా రెట్లు పెట్టాలి. లారీ ఆటకు ఆ తేడా నిజంగా అవసరమా? పాతది కొనవచ్చా?

జవాబు: కారు పందేల ఆటకు 270 సరిపోతుంది, లారీకి ఇబ్బందే. పై జవాబులోని ఒకటిన్నర డిగ్రీ లెక్కనే ఇక్కడా వాడుదాము. 270 డిగ్రీల వీల్ ఒక వైపుకు 135 డిగ్రీలు తిరుగుతుంది. రోడ్డు మీది చక్రాలు 45 తిరగాలి. అంటే మీ చేయి 3 డిగ్రీలు కదిలితే చక్రం 1 డిగ్రీ కదులుతుంది. 900 వీల్‌కు ఆ నిష్పత్తి పదికి ఒకటి. నిజమైన లారీలలో ఇరవైకి ఒకటి ఉండడం మామూలే, అందుకే ఒక చివర నుంచి మరో చివరకు అయిదు చుట్లు దాకా తిప్పవలసి వస్తుంది. ఇప్పుడు బండిని బోల్తా దాకా తీసుకుపోయే కదలికను సెంటీమీటర్లలోకి మార్చండి. పాతిక సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న 270 వీల్ అంచు మీద అది సెంటీమీటరు కంటే తక్కువ. 900 వీల్ మీద మూడు సెంటీమీటర్లకు పైన. నిజమైన లారీ పెద్ద స్టీరింగు మీద పది పదకొండు సెంటీమీటర్లు, అంటే బెత్తెడును దాటి జానెడులో సగం దాకా. మీరు తుమ్మితే మీ చేయి ఎంత కదులుతుందో ఊహించుకుంటే ఏది కొనాలో మీకే తెలుస్తుంది.

లాజిటెక్ జీ29, జీ923 వంటివి 900 డిగ్రీలు, థ్రస్ట్‌మాస్టర్ టీ150, టీ300 వంటివి 1080 డిగ్రీలు తిరుగుతాయి. లాజిటెక్ జీ29 లోపల పళ్ల చక్రాలు ఉంటాయి కనుక గరగర వినబడుతుంది, రాత్రిపూట ఇంట్లోవాళ్లు నిద్రపోతుండగా ఆడేవారు ఇది గుర్తుంచుకోవాలి. టీ300లో పట్టీ ఉంటుంది, నిశ్శబ్దంగా నడుస్తుంది. లారీ ఆటకు ఈ రెండింటి పనితనంలో తేడా చూపించడం కష్టం.

పాతది నిస్సంకోచంగా కొనవచ్చు. కొనే ముందు కంప్యూటరుకు తగిలించి, వీల్‌ను రెండు చివరలకూ గట్టిగా పదిసార్లు తిప్పి మధ్యకు వదిలితే తెర మీద కూడా మధ్యలోనే నిలుస్తోందో లేదో చూడండి. పెడళ్లను నెమ్మదిగా తొక్కుతున్నప్పుడు తెర మీది గీత వణకకుండా పెరగాలి. వణుకుతోందంటే లోపల దుమ్ము చేరిందని అర్థం. శుభ్రం చేస్తే పోతుంది గానీ ఆ మేరకు ధర తగ్గించమని అడగవచ్చు.

ఇంటికి తెచ్చాక చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. వీల్ తాలూకు సాఫ్ట్‌వేర్‌లో 900 ఉందో లేదో చూసుకోకుండా నేరుగా ఆటలోకి వెళ్లి సెన్సిటివిటీతో కుస్తీ పడతారు. ముందు అక్కడ 900 పెట్టండి, ఆటలో నాన్‌లినియారిటీని సున్నాకు దించండి, ఎందుకంటే మీ చేతికి ఇప్పుడు సరిపడా దూరం దొరికింది, వంకర లెక్కతో పని లేదు. తెర మీద కనబడే స్టీరింగు మీ చేతిలోని దానితో సమానంగా తిరిగేలా దాని కోణాన్నీ 900కు సరిచేయండి. కన్ను ఒకటి చూస్తూ చేయి మరొకటి చేస్తుంటే పది నిమిషాలలో తల బరువెక్కుతుంది.

గుంటూరు నుంచి ఒక గృహిణి: మా అబ్బాయి సెలవులలో రోజుకు మూడు నాలుగు గంటలు లారీ ఆట ఆడుతున్నాడు. మణికట్టు నొప్పి, మెడనొప్పి అంటున్నాడు. స్టీరింగు వీల్ కొనిస్తే తగ్గుతుందని వాడి వాదన. నిజమేనా?

జవాబు: వాదనలో సగం నిజముందమ్మా. మీటల మీద వేళ్లను గంటల తరబడి ఒకే భంగిమలో బిగించి ఉంచడం కంటే వీల్ మీద రెండు చేతులూ ఆడించడం మణికట్టుకు మేలే. కానీ వీల్‌ను మామూలు చదువుకునే బల్లకు బిగిస్తే అది ఛాతీ ఎత్తుకు వస్తుంది, అప్పుడు నొప్పి మణికట్టు నుంచి భుజానికి మారుతుంది. వీల్ మధ్య భాగం మోచేతి ఎత్తుకు కాస్త పైన ఉండాలి, మోచేతులు వంగి ఒంటికి దగ్గరగా ఉండాలి, వీపు కుర్చీకి ఆనాలి. కింద చక్రాలున్న కుర్చీ అయితే బ్రేకు తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోతుంది. మా ఇంట్లో కుర్చీ కాళ్లను పాత చెప్పులలో దించి ఆ బాధ తప్పించాము. పెడళ్లను గోడకు ఆనించి పెట్టిస్తే అవి జారవు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పండి. ఆటలోనే అలసటను లెక్కించి డ్రైవరును విశ్రాంతి తీసుకోమనే ఏర్పాటు ఉంది. ఆ లారీ డ్రైవరు నిద్రకు ఆగిన ప్రతిసారీ మీ అబ్బాయి కూడా కుర్చీ లోంచి లేచి పది నిమిషాలు నడవాలని షరతు పెట్టండి. నొప్పి రెండు వారాలకు పైగా నిలిచినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా డాక్టరుకు చూపించాలి.

కర్నూలు నుంచి విశ్రాంత బస్సు డ్రైవరు: ముప్పయ్యేళ్లు ఆర్టీసీ బస్సు తోలాను. మనవడు 900 డిగ్రీల వీల్ తెచ్చి ఈ ఆట పెట్టించాడు. వాడు నడుపుతున్నాడు, నేను నడపలేకపోతున్నాను! బ్రేకు తాకితే బండి మొక్కుతుంది. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు స్టీరింగు వదిలితే నా బస్సులో లాగా తిరిగి రావడం లేదు. ఎడమ పక్కన కూర్చుని కుడి పక్కన పోవడం నా వల్ల కావడం లేదు. ముప్పయ్యేళ్ల అనుభవం ఏమైనట్టు?

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదివి సంతోషించాము. మీ అనుభవం ఎక్కడికీ పోలేదు, అదే మీకు అడ్డుపడుతోంది. మీ మనవడికి పోల్చుకోవడానికి అసలు బండి లేదు కనుక ఆట ఇచ్చిందే బండి అనుకుని సర్దుకుపోయాడు. మీ ఒళ్లు మాత్రం ప్రతి క్షణమూ ఆటను నిజమైన బస్సుతో సరిపోల్చి చూసి ఒప్పుకోవడం లేదు.

బ్రేకు సంగతి ముందు చూద్దాం. ఎయిర్ బ్రేకు పెడలును ఎంత తొక్కాలో మీ కాలు చాలావరకు ఒత్తిడిని బట్టీ, సీటు మీద ఒళ్లు ముందుకు తూలే తీరును బట్టీ గుర్తుపట్టింది. ఆట పెడల్ మీ కాలు ఎంత దూరం దిగిందన్నదే కొలుస్తుంది, ఒళ్లు తూలడమన్నది లేనే లేదు. సెట్టింగులలో బ్రేకు తీవ్రతను తగ్గించే జారుడు మీట ఉంది, దాన్ని సగానికి దించండి. ఎయిర్ బ్రేకును వాస్తవిక పద్ధతికి మార్చండి. అప్పుడు మాటిమాటికీ తొక్కితే ట్యాంకులో గాలి తగ్గుతుంది, అది మీకు బాగా తెలిసిన వ్యవహారం. ఘాటు దిగేటప్పుడు మీరు బస్సులో చేసినట్టే కింది గేరులో ఉండి, ఇంజన్ బ్రేకు మీదో, మామూలు బ్రేకును వాడకుండా బండిని నిదానింపజేసే రిటార్డర్ మీదో దిగండి. ఈ ఒక్క విషయంలో మీరు మీ మనవడికి పాఠం చెప్పగలరు.

స్టీరింగు తిరిగి రాకపోవడానికి కారణం వేరు. నిజమైన బండిలో ముందు ఇరుసు వాలును బట్టీ, రోడ్డుకూ టైరుకూ మధ్య రాపిడిని బట్టీ చక్రాలు తమంతట తాము నేరుగా రావడానికి చూస్తాయి, ఆ లాగుడు స్టీరింగు దాకా వస్తుంది. ఆటలో ఆ లాగుడును వీల్ లోపలి మోటారు పుట్టించాలి. దానికే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అని పేరు. మీ మనవడు దాన్ని తగ్గించి పెట్టి ఉండవచ్చు, లేదా వీల్ సాఫ్ట్‌వేర్‌లో మధ్యకు లాగే స్ప్రింగు అనే వేరే అమరికను వాడుతూ ఉండవచ్చు. ఆ స్ప్రింగుకు బండి వేగంతో సంబంధం ఉండదు, నిలిచి ఉన్నా ఒకే తీరుగా లాగుతుంది. దాన్ని తీసివేయించి, ఆటలోని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌ను కొంచెం కొంచెంగా పెంచించండి. అసలు లారీలలోనూ ఈ అనుభూతి ఇప్పుడు మారుతోంది. వోల్వో కంపెనీ డైనమిక్ స్టీరింగ్ పేరుతో హైడ్రాలిక్ స్టీరింగు మీద ఒక విద్యుత్ మోటారును కూర్చింది. గతుకులను అది చేతికి రానివ్వదు, నిదాన వేగంలో స్టీరింగును తేలిక చేస్తుంది, మలుపు తరువాత దానంతట అదే మధ్యకు తెస్తుంది. అంటే మీరు అడిగినది ఒక లారీ కంపెనీ కూడా ఆలోచించిన విషయమే.

ఎడమ, కుడి తికమకకు సులువైన దారి ఉంది. ఈ ఆటలో బ్రిటన్ ఉంది, అక్కడ మనలాగే ఎడమ పక్కన పోతారు. ఆట మొదట్లో సొంత ఊరిని ఎంచుకోమన్నప్పుడు లండన్‌నో బర్మింగ్‌హామ్‌నో ఎంచుకుని, లారీ కొన్నాక క్యాబిన్ అమరికలో కుడివైపు స్టీరింగును తీసుకోండి. డోవర్ రేవు దాటి సముద్రం అవతలికి వెళ్లే పనులు ఒప్పుకోకుండా ఉంటే సరి.

ఇంకొక మాట. ఈ ఆటలో దూరాలను సుమారు పంతొమ్మిదో వంతుకు కుదించారు. ఒక ఊరు దాటిన కాసేపటికే మరో ఊరి మలుపు ఎదురుపడుతుంది. నిజమైన రోడ్డు మీద ఉన్నంత తీరిక ఉండదు, అందువల్ల మలుపులు హఠాత్తుగా వచ్చినట్టు మీకు అనిపించడం సహజం. ఎఫ్2 మీట నొక్కితే అద్దాలు తెర మీద పైకి వస్తాయి. మెడ తిప్పి చూసే అలవాటును ఆ అద్దాల మీదికి మళ్లించడమే మీకు మిగిలే అసలు సాధన.

టెక్సస్‌లోని డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు: నా కారులో అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ వాడడం అలవాటు. అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్‌లో కూడా అదీ, అత్యవసర బ్రేకూ ఉన్నాయి. అన్నీ పెట్టుకుంటే ఆట చప్పగా ఉంది, అన్నీ తీసేస్తే పని ముగించుకుని వచ్చిన నాకు అలసటగా ఉంది. ఏవి ఉంచాలి?

జవాబు: ఈ సహాయాలన్నింటినీ ఒకే గాటన కట్టకండి. కొన్ని మీ ఒంటికి చాకిరీ తప్పిస్తాయి, కొన్ని మీ బదులు నిర్ణయం తీసుకుంటాయి. పెడల్ తొక్కకుండానే ఒకే వేగాన్ని నిలిపే మామూలు క్రూయిజ్ కంట్రోల్ మొదటి రకం. కాలు పెడల్ మీద నొక్కి పెట్టి కూర్చోవడంలో నేర్చుకునేది ఏమీ లేదు, దాన్ని నిశ్చింతగా ఉంచండి. వేగాన్ని అయిదు మైళ్ల మెట్లలో మార్చుకునేలా పెట్టుకుంటే మరీ హాయి. అడాప్టివ్ పద్ధతి రెండో రకం. ముందున్న బండికి ఎంత దూరంలో ఉండాలన్నది అదే చూసుకుంటుంది. లారీ తోలడంలోని నేర్పు ముప్పాతిక వంతు ఆ దూరాన్ని కాపాడుకోవడంలోనే ఉంది.

టెక్సస్ పటం 2022లో వచ్చింది, మీ ఊరి చుట్టుపక్కల రోడ్ల మీదే లెక్క వేసి చూద్దాం. నిండు బరువు అక్కడి సాధారణ పరిమితి ప్రకారం 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నులు. గంటకు 65 మైళ్ల వేగంలో సెకనుకు 29 మీటర్లు పోతారు. గట్టిగా బ్రేకు వేస్తే ప్రతి సెకనులోనూ వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకున్నా, ఆగడానికి 84 మీటర్లు కావాలి. మీరు చూసి కాలు కదిపేలోగా ఒకటిన్నర సెకను పోతే మరో 44 మీటర్లు. మొత్తం దాదాపు 130 మీటర్లు. మీ కారు అలవాటుతో మీరు 40 మీటర్ల ఖాళీని చాలా ఎక్కువ అనుకుంటారు. అందుకే నా సలహా ఏమిటంటే, వారం మధ్యలో అలసిపోయి వచ్చిన రాత్రులు అడాప్టివ్‌ను ఉంచుకోండి, శనివారం ఉదయం తీసివేయండి. ఆట అనేది పరీక్ష కాదు, రోజును బట్టి సెట్టింగులు మార్చుకోవడంలో తప్పేమీ లేదు.

ముందు అడ్డు వస్తే తనంతట తాను పడే అత్యవసర బ్రేకును మాత్రం నేను తీసివేయను. యూరప్‌లో 2015 నవంబరు నుంచి కొత్తగా రోడ్డెక్కే భారీ లారీలలో చాలావాటికి ఈ ఏర్పాటూ, లేను దాటితే హెచ్చరించే ఏర్పాటూ తప్పనిసరి అయ్యాయి. ఇప్పటి లారీని అనుకరించే ఆటలో అది ఉండడం మోసం కాదు. అది పనిచేయవలసి వచ్చిన ప్రతిసారీ మీరు ఎక్కడో ముందే తప్పు చేశారని గుర్తుపెట్టుకుంటే చాలు; నేనైతే ఒక కాగితం మీద గీత గీస్తాను, ప్రయాణం ముగిసేసరికి గీతలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటాను.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: ప్రమాదంలో నా ఎడమ చేయి పట్టు పోయింది. కుడి చేతి ఒక్కదానితో ఈ ఆట ఆడవచ్చా?

జవాబు: తప్పకుండా ఆడవచ్చు. నిదానంగా సాగే ఆట కావడం వల్ల పందెం కార్ల ఆటల కంటే ఇదే మీకు అనుకూలం. గేర్లను సాధారణ ఆటోమేటిక్‌కు మార్చుకోండి. పెడళ్లు తొక్కగలిగితే వీల్ కొనవచ్చు. 900 డిగ్రీలకు బదులు 540 లేదా 450కు తగ్గించుకుని, నాన్‌లినియారిటీని కొద్దిగా పెంచండి. ఒక చేత్తో చుట్లు తిప్పే శ్రమ సగం తగ్గుతుంది, మధ్యలో నిలకడ పోదు. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌ను బాగా దించండి, లేకపోతే చేయి మార్చుకునే క్షణంలో వీల్ జారి తిరిగిపోతుంది. వీల్ అంచుకు బిగించే గుండ్రటి పిడి విడిగా దొరుకుతుంది, ఫోర్క్‌లిఫ్టులు తోలేవారు వాడేది అదే. దాన్ని పట్టుకుంటే అరచేయి ఎత్తకుండానే పూర్తి చుట్టు తిప్పవచ్చు.

వీల్ వద్దనుకుంటే కుడి చేతిలో మౌసు పట్టి, యాక్సిలరేటరును, బ్రేకును మౌసు బటన్లకు కేటాయించుకోండి. హైవే ఎక్కగానే క్రూయిజ్‌లో పెడితే వేలికి కూడా విశ్రాంతి. మలుపు తిరిగాక ఇండికేటరు తనంతట తాను ఆరిపోయే ఐచ్ఛికాన్ని పెట్టుకోండి. డాలస్ పాఠకుడికి అడాప్టివ్ గురించి చెప్పిన మాట మీకు వర్తించదు, మీరు దాన్ని ఎప్పుడూ ఉంచుకోవచ్చు. మీ ఒక్క చేయి చేసే పని ఇప్పటికే ఇద్దరి పని.

నిజామాబాద్ నుంచి ఒక ఇంటర్ విద్యార్థి: ఫోనులో బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా ఆడుతున్నాను, మన ఆర్టీసీ రంగులు వేసుకుని. ఫోను వంచి తిప్పడం మంచిదా, తెర మీది స్టీరింగా?

జవాబు: తెర మీది స్టీరింగు. ఫోను వంచినప్పుడు మీ తలా తెరా ఒకదానికొకటి వంకరగా అవుతాయి, దూరం చూడలేరు. బాణం గుర్తులను మాత్రం ముట్టుకోకండి, కీబోర్డు గురించి తణుకు పాఠకుడికి చెప్పిన కష్టాలన్నీ అక్కడా ఉన్నాయి. బొటనవేలును తెర అంచుకు ఆనించి నెమ్మదిగా తిప్పండి.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు: పోర్టు రోడ్డు మీద కంటైనర్ లారీలను ఒకే ఊపున వెనక్కి పెట్టే డ్రైవర్లను రోజూ చూస్తాను. ఆటలో నేను మాత్రం ప్రతిసారీ ట్రైలర్‌ను మడత పెట్టేస్తున్నాను. వెనక్కి పెట్టే పనిని వదిలేసి, తేలిక స్థలాన్నే ఎంచుకుంటున్నాను. దీనికి ఏదైనా సహాయ సెట్టింగు ఉందా?

జవాబు: సెట్టింగు లేదు, ఒక కిటుకు ఉంది. పోర్టులో మీరు చూసే డ్రైవరుకు కూడా వెనుక నిలబడి రానీ, రానీ అని అరిచే క్లీనరు ఉంటాడు. మన లారీలకు ఏ రాడారూ రాకముందు నుంచీ ఉన్న డ్రైవర్ సహాయం అదే. ఆటలో ఆ మనిషి లేడు కనుక కెమెరాను బయటికి మార్చి వెనుక నుంచి చూడడాన్ని మోసం అనుకోకండి.

ట్రైలర్ వెనక్కి పోయేటప్పుడు స్టీరింగును ఎడమకు తిప్పితే దాని తోక కుడికి పోతుంది. ఈ తలకిందులును మనసులో తర్జుమా చేసుకోబోయే లోపలే బండి మడత పడుతుంది. అందుకు ఉపాయం, చేతిని వీల్ పైభాగాన కాకుండా కింది భాగాన, గడియారంలో ఆరు అంకె ఉండే చోట పట్టుకోవడం. ఇప్పుడు ట్రైలర్ తోక ఎటు పోవాలో చేతిని అటే జరపండి. కుడికి పోవాలంటే చేయి కుడికి, ఎడమకు పోవాలంటే చేయి ఎడమకు. మౌసుతో ఆడేవారికి ఈ వెసులుబాటు లేదు, అందుకే వెనక్కి పెట్టడంలో వీల్‌ను మించినది లేదని నా అభిప్రాయం.

రెండో సంగతి, మలుపు పుట్టించడం ఒక పని, దాన్ని ఆపడం మరో పని. ట్రైలర్ మీకు కావలసినంత వంగకముందే, సగం వంగిన దగ్గరే, చేతిని అవతలి వైపుకు తెచ్చి లారీ ముక్కును ట్రైలర్ వెంట నడిపించాలి. కొత్తవారు ట్రైలర్ పూర్తిగా వంగేదాకా చూసి అప్పుడు సరిచేయబోతారు, అప్పటికి కోణం చేయి దాటిపోయి ఉంటుంది. అద్దంలో ట్రైలర్ పక్క గోడ సగానికి మించి కనబడుతోందంటే ఇక వెనక్కి పోకండి. ఆగి, ముందుకు పది మీటర్లు లాగి, బండిని తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. పోర్టు డ్రైవర్లు ఒకే ఊపున పెడతారని మీరు రాశారు గానీ, ఈసారి కాసేపు నిలబడి చూడండి, వారు కూడా ఒకటి రెండుసార్లు ముందుకు లాగుతారు.